కంటికి ఇంటూ గుర్తు: కాస్ బొమ్మతో ఒక ఏడాది

తిరుపతిలో బొమ్మ కొనడం ఎవరికీ వింత కాదు. కొండ దిగి వచ్చినవారు గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో అరచేతిలో ఇమిడేంత స్వామివారి ప్రతిమో, ఎర్రచందనం రాజా రాణి జంటో కొనకుండా రైలెక్కరు. అందుచేత న్యూయార్కు గోడల మీద రంగు డబ్బాతో పేరు రాసుకుంటూ మొదలుపెట్టి, నేడు కాస్ అన్న పేరుతో ప్రపంచమంతటా తెలిసిన బ్రయన్ డానెల్లీ రూపొందించిన వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) బొమ్మ ఒకటి నేను తెప్పించుకున్నప్పుడు, బొమ్మ ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. దానికి అంత డబ్బు ఎందుకనే అడిగారు. ఏడాది పాటు ఆ బొమ్మను రోజూ చూసి, అప్పుడప్పుడు చేతిలోకి తీసుకుని, దుమ్ము దులిపి, నలుగురికీ చూపించిన తరువాత ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబే ఈ సమీక్ష. ముందే చెప్పేస్తాను: వస్తువుగా ఇది నాకు బాగా నచ్చింది, పెట్టుబడిగా మాత్రం దీన్ని ఎవరికీ సిఫారసు చేయను.

నా దగ్గర ఉన్నది కంపానియన్ అనే పాత్ర. జపాన్‌కు చెందిన మెడికామ్ టాయ్ సంస్థ 2016లో సంఖ్యా పరిమితి లేకుండా విడుదల చేసిన రకం. అందులోనూ శరీరం ఒక సగం మామూలుగా, రెండో సగం తోలు ఒలిచినట్టు లోపలి అవయవాలతో కనిపించే బూడిదరంగు బొమ్మ. ఎత్తు జానెడు కంటే కాస్త ఎక్కువ, స్కేలు పెట్టి కొలిస్తే 27 సెంటీమీటర్ల పైచిలుకు. తల కపాలం ఆకారంలో ఉంటుంది, చెవులు ఉండవలసిన చోట అడ్డంగా ఎముకలు పొడుచుకొచ్చి ఉంటాయి, కళ్ల స్థానంలో రెండు ఇంటూ గుర్తులు. మెడ కింద నుంచి మాత్రం చిన్నప్పుడు మనమంతా చూసిన అమెరికా కార్టూన్ ఎలుక పోలికే: ముందు రెండు బొత్తాలున్న నిక్కరు, ఉబ్బిన చేతి తొడుగులు, పాదాల కంటే రెండింతలుండే బూట్లు. చేతులు వేలాడేసి, ఎవరో పిలిస్తే వచ్చి నిలబడి, ఎందుకు పిలిచారో తెలియక చూస్తున్నట్టు ఉంటుంది దాని నిలుపు.

ఈ సగం-సగం పద్ధతి మనకు అర్ధనారీశ్వరుడి వల్ల అలవాటైనదే కనుక చూడగానే నాకు బెదురు పుట్టలేదు. కానీ అక్కడ రెండు సగాలూ కలిసి ఒక పూర్ణరూపం అవుతాయి, ఇక్కడ రెండో సగం మొదటి సగాన్ని ఎత్తిపొడుస్తుంది. నవ్వు పుట్టించే కార్టూన్ బొమ్మ లోపల ఏముంటుందని ఏ పిల్లవాడైనా అడిగితే, ఇదిగో, అందరికీ ఉన్నవే అని చూపించినట్టు మెదడు, ఊపిరితిత్తి, చుట్టలు చుట్టుకున్న పేగులు వరుసగా ఉంటాయి. ఎస్వీ మెడికల్ కాలేజీలో చదువుతున్న మా మేనకోడలు సెలవుకు వచ్చి దీన్ని పట్టుకుని పది నిమిషాలు తిప్పి తిప్పి చూసి, పరీక్షలో ఇలా గీస్తే సున్నా వేస్తారు మామయ్యా అని తేల్చింది. అయినా కింద పెట్టకుండా టీ తాగినంతసేపూ ఒళ్లోనే ఉంచుకుంది. నా లెక్కలో ఆ రెండో పని మొదటి మాట కంటే గట్టి ప్రశంస.

ఈ మనిషి పని తెలియకుండా బొమ్మను మాత్రమే తూచడం న్యాయం కాదు కనుక కొంత నేపథ్యం చెప్పాలి. డానెల్లీ 1974లో అమెరికాలోని జెర్సీ సిటీలో పుట్టాడు. కాస్ అనే మాటకు అర్థం లేదు. ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన చూడడానికి బాగున్నాయని పెట్టుకున్న గోడరాత పేరు అది. న్యూయార్కులోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో బొమ్మలు గీయడం నేర్చుకుని 1996లో పట్టా పుచ్చుకుని, కార్టూన్ చిత్రాలకు వెనుక కనిపించే దృశ్యాలకు రంగులు వేసే ఉద్యోగం చేశాడు. బొమ్మ మీద ఒక్క చోట కూడా కుంచె జాడ కనిపించకుండా రంగు నున్నగా పరుచుకుని ఉండడం చూస్తే ఆ ఉద్యోగపు చెయ్యి ఇక్కడ పని చేస్తున్నదని తెలుస్తుంది.

అతనికి పేరు తెచ్చినవి బస్టాపుల ప్రకటనలు. న్యూయార్కు బస్ షెల్టర్లలో గాజు తలుపు వెనుక పెట్టే ప్రకటనల పెట్టెలను తెరిచే తాళంచెవి ఒకటి అతనికి బారీ మగీ అనే తోటి వీధి చిత్రకారుడి ద్వారా దొరికింది. పోస్టరును బయటికి లాగి, ఇంటికి తీసుకుపోయి, అందులోని అందగత్తె మెడ చుట్టూ పాములా మెలికలు తిరిగిన ఒక ఇంటూ-కళ్ల జీవిని తీరిగ్గా చిత్రించి, తిరిగి తెచ్చి అదే గాజు వెనుక పెట్టి తాళం వేసేవాడు. గోడ పాడుచేయడానికీ దీనికీ చాలా తేడా ఉంది. రంగు ఎక్కడా అదనంగా అతికించినట్టు ఉండదు కాబట్టి, బస్సు కోసం నిలబడినవాడు ఆ జీవి మొదటి నుంచీ ప్రకటనలో భాగమే అనుకుంటాడు, తరువాత అనుమానపడతాడు. మన ఊళ్లో అలిపిరి వైపు వెళ్లే దారి గోడల మీద దశావతారాలు, వాహన సేవలు చిత్రించినప్పుడు చూపరి భక్తితోనో సంతోషంతోనో తలెత్తి చూస్తాడు. అక్కడ చిత్రకారుడు చూపరి కోసం పనిచేస్తే, ఇక్కడ కాస్ చూపరి నమ్మకం మీద పనిచేశాడు. అతని పనిలో నాకు ఇప్పటికీ అన్నిటికంటే మెరుగ్గా తోచేవి ఆ పోస్టర్లే. కొద్దికాలానికే జనం గాజు పెట్టెలు పగలగొట్టి వాటిని ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. వీధిలో ఊరికే చూడవలసినదాన్ని ఇంటికి తీసుకుపోవాలన్న ఆశ అప్పుడే పుట్టింది, బొమ్మలు ఆ ఆశకు సరిగ్గా సరిపోయాయి.

మొదటి కంపానియన్ 1999లో టోక్యోలోని బౌంటీ హంటర్ అనే దుకాణంతో కలిసి 500 ప్రతుల పరిమితితో వచ్చింది. ఆ తరువాత మెడికామ్ టాయ్‌తో అనుబంధం కుదిరింది, 2006 నుంచి 2013 వరకు టోక్యోలో ఒరిజినల్‌ఫేక్ పేరుతో ఒక దుకాణమే నడిచింది. అసలైన నకిలీ అని అర్థం వచ్చే ఆ పేరు నాకు మొదట వట్టి చమత్కారంగా కనిపించింది. నాకు ఎదురైన అనుభవం తరువాత అంత నవ్వు రావడం లేదు. దాని సంగతి కింద చెబుతాను.

ముందు తయారీ గురించి. ఈ బొమ్మలను మెత్తటి వినైల్‌తో పోత పోస్తారు. మొదట మైనంతో నమూనా తయారవుతుంది, దాని మీద విద్యుత్తుతో లోహపు పూత ఎక్కించి గుల్ల అచ్చు తీస్తారు. ద్రవరూపంలో ఉన్న పీవీసీని ఆ అచ్చులో పోసి వేడి చేస్తే గోడలకు అంటుకున్న పొర గట్టిపడుతుంది; మిగిలిన ద్రవాన్ని వంపేసి, ఇంకా వెచ్చగా, మెత్తగా ఉండగానే పటకారుతో పట్టి అచ్చు నోటిలోంచి లోపలి తొడుగును బయటికి లాగుతారు. మన పంచలోహ విగ్రహాల పనిలోనూ మైనపు నమూనాయే మొదలు. తేడా ఏమిటంటే, మన పద్ధతిలో మైనం కరిగిపోతుంది, మట్టి మూసను పగలగొట్టి విగ్రహాన్ని తీస్తారు, కాబట్టి ప్రతి విగ్రహానికీ మళ్లీ కొత్త మైనం, కొత్త మూస. లోహపు అచ్చు పగలదు. అది అరిగేదాకా ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. అందువల్ల ఇక్కడ కొరత వస్తువులో లేదు, ఇక చాలు అని తయారీదారు చెప్పే మాటలో ఉంది. ధర గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ మొదట ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

తల, చేతులు, మొండెం, కాళ్లు విడివిడిగా పోసి అతుకుతారు. నా బొమ్మలో మెడ దగ్గర, భుజాల దగ్గర అతుకు గోరు పెట్టి వెతికితే తప్ప తెలియదు. అవయవాలకు రంగు వేసిన తీరు ఇంకా మెచ్చుకోదగినది. రంగు పడవలసిన చోట మాత్రమే సందు వదిలిన రేకు తొడుగును బొమ్మకు బిగించి స్ప్రే కొడతారు, ఒక్కో రంగుకు ఒక్కో తొడుగు. తొడుగు వెంట్రుక వాసి కదిలినా ఎరుపు గులాబీలోకి చెదురుతుంది. భూతద్దం పెట్టి చూశాను: పేగుల మెలికల అంచుల్లో ఒకే ఒక్క చోట, అదీ చంకలోకి తిరిగే మూలలో, రంగు ఆవగింజలో సగమంత పక్కకు పోయింది. యంత్రం చేసిందనుకునే వస్తువులో ఒక మనిషి చెయ్యి తొట్రుపడిన గుర్తు దొరికినందుకు నాకు సంతోషమే కలిగింది.

ఒకసారి ఏర్పేడు వైపు పని ఉండి, దారిలో మాధవమాలకు ఈ బొమ్మను వెంట తీసుకెళ్లాను. ఆ ఊరు కొయ్య శిల్పాలకు పెట్టింది పేరు. వాకిట్లోకి అడుగు పెడితే చెక్క పొట్టు, ఉలి చప్పుడు. అక్కడ ఒక పెద్దాయన సగం చెక్కిన వేంకటేశ్వరుడి పక్కన పెట్టుకుని దీన్ని చూశారు. బోర్లా తిప్పి పాదాల కింద ఉన్న రాతను చూశారు, వేలితో తట్టి గుల్ల చప్పుడు విన్నారు. “ఇది పోత పోసింది సార్, దీనిమింద ఉలి పడలా. కానీ మూస చేసినాడు చూడండి, వాడి చెయ్యి మంచిది” అన్నారు. తరువాత కళ్ల మీద బొటనవేలు పెట్టి, “కండ్లు తెరవకనే అమ్మేసినారే” అని నవ్వారు. విగ్రహానికి చివరగా కళ్లు తెరిపించే సంప్రదాయంలో పుట్టి పెరిగిన మనిషికి, కళ్లు కొట్టివేసిన బొమ్మ అసంపూర్తి వస్తువుగానే కనిపించడం సహజం. ఈ కళాకారుడి గురించి నేను విన్న వ్యాఖ్యల్లో నాకు గుర్తుండిపోయింది అదే. ఆ ఇంటూ గుర్తుల వల్లనే బొమ్మ ఎవరినీ చూడదు, చూసే భారమంతా మన మీదే పడుతుంది.

ఇక నా అనుభవం. ఇది నేను కొన్న రెండో బొమ్మ. మొదటిది ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 9,000 రూపాయలకు కొన్నాను. పేరు చెప్పను, ఆ పేజీ ఇప్పుడు లేదు కూడా. పెట్టె అచ్చం అసలు దానిలాగే ఉంది. తెరవగానే కొత్త చెప్పుల దుకాణంలో వచ్చే ఘాటైన వాసన గుప్పుమంది. అది మొదటి అనుమానం. చేతి తొడుగుల పక్కగా అతుకు గీత బ్లేడుతో గీకినట్టు తెల్లగా కనిపించింది. ఒంటి మీద ఉండవలసిన మసక నునుపు బదులు నూనె పూసినట్టు మెరుపు. ఎడమ కంటి ఇంటూ గుర్తు కుడి దాని కంటే లావు. పాదం కింద అక్షరాలు అచ్చులో లోతుగా, స్ఫుటంగా దిగవలసింది పోయి కరిగిన సబ్బు మీది పేరులా మసకబారి ఉన్నాయి. బరువు కూడా తేలికే, పొర పలచగా పోశారన్నమాట. డబ్బు వెనక్కి ఇమ్మని రాసిన మూడు ఉత్తరాలకు ఒక్కదానికే జవాబు వచ్చింది, ఆ జవాబులో కొత్త సరుకు ధరల పట్టిక ఉంది.

దీనికి పక్కన పెట్టి చూస్తే మన ఎర్రచందనం బొమ్మ ఎంత నిజాయితీగల వస్తువో అర్థమైంది. దాన్ని పరీక్షించడానికి పెట్టె అక్కర్లేదు, రసీదు అక్కర్లేదు. నీళ్లలో వేస్తే మునుగుతుంది, ఎందుకంటే ఆ చేవ నీటి కంటే బరువు. తడి రాతి మీద నాలుగు సార్లు అరగదీస్తే ఎర్రటి గంధం దిగుతుంది. మా అవ్వ తన పెళ్లినాటి మరపాచి జంటను, అంటే ఎర్రచందనం రాజా రాణి బొమ్మలను, పిల్లలకు వాపులొస్తే అరగదీసి పట్టు వేసేది, ఆ రాజుగారి వీపు ఇప్పుడు చదునుగా ఉంటుంది. వినైల్‌కు అలాంటి సొంత సాక్ష్యం ఏదీ లేదు. అసలుకూ నకిలీకీ పదార్థం ఒకటే, తేడా పనితనంలోనే. ఆ పనితనాన్ని ఫొటోలో పోల్చుకోలేము. అందుచేత కొనాలనుకునేవారికి నా సలహా ఒక్కటే: చేత్తో పట్టుకుని చూడగలిగితేనే కొనండి, లేదా నమ్మకస్తులు నేరుగా దుకాణంలో కొని తెస్తేనే డబ్బివ్వండి. నా రెండో బొమ్మ టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు సెకండ్ హ్యాండ్ దుకాణంలో చూసి కొని, బట్టల మధ్య చుట్టి, చెన్నై మీదుగా తెచ్చాడు. నాకు పడినది 31,000 రూపాయలు.

ఆ ధర మాట. 2017లో న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వారి దుకాణం ఈ రకం బొమ్మలనే ఒక్కొక్కటి 200 డాలర్లకు అమ్మకానికి పెడితే జనం తాకిడికి వారి వెబ్‌సైటు కుప్పకూలింది. పరిమితి లేదన్న బొమ్మకే ఆ గిరాకీ. అతని చిత్రం ఒకటి 2019 ఏప్రిల్ 1న హాంకాంగ్ సోథబీస్ వేలంలో 11.59 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. వేలానికి ముందు వేసిన అంచనా అరవై నుంచి ఎనభై లక్షల మధ్య. ఈ వార్తలు చదివి బొమ్మ కొనేవారు చాలామంది ఉన్నారు. వారికి నేను చెప్పగలిగింది, మన దేశంలో ఇక్కడి లెక్క వేరు అని. దిగుమతి ఆటబొమ్మల మీద మూల కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పెట్టె మీద పెద్దల కోసమని రాసి ఉన్నా, అధికారి దాన్ని ఆటబొమ్మ కింద లెక్క కడితే ఆ సుంకం మీ నెత్తినే. పైగా తిరిగి అమ్మే రోజున పెట్టె మూల నలిగినా, లోపలి ప్లాస్టిక్ తొడుగు లేకపోయినా ధర కోసేస్తారు. అమ్మడానికే కొంటే బొమ్మను పెట్టెలోంచి తీయకూడదు, తీయకపోతే కొన్నందుకు ఫలం లేదు.

అతని పెద్ద శిల్పాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ పాత్ర అసలు స్థాయి అక్కడే తెలుస్తుంది. మోకాళ్ల మీదికి వంగి రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చున్న కంపానియన్ 2010లో హాంకాంగ్ రేవు ఒడ్డున కొలువుదీరింది. 2019లో అదే నగరపు విక్టోరియా హార్బర్ నీళ్ల మీద 37 మీటర్ల పొడవున గాలి నింపిన కంపానియన్ వెల్లకిలా పడుకుని తేలింది. 2023లో ఇండోనేషియాలో, త్రిమూర్తుల కోవెలలున్న ప్రంబనన్ ప్రాంగణంలో అతని మరో భారీ గాలి బొమ్మను ఉంచారు. గాలి బొమ్మ వట్టి ఆర్భాటమని ఒక వాదన ఉంది. నేను ఒప్పుకోను. అంత పెద్దదీ ఏ పనీ చేయకుండా, ఏ శౌర్యమూ చూపకుండా, ఆదివారం మధ్యాహ్నం మంచం మీద పడుకున్న మనిషిలా ఉండడం దాని గొప్ప. అయితే అన్నీ ఒకే స్థాయిలో లేవు. చెక్కతో చేసిన పెద్ద కంపానియన్లు నాకు ఫొటోల్లోనే అయినా బాగా నచ్చాయి, చెక్క గీతలు ఆ కార్టూన్ ఒంటికి వయసునిచ్చాయి. బట్టల కంపెనీల చొక్కాల మీద అచ్చువేసిన ఇంటూ గుర్తులు మాత్రం నాకు ఏమీ చెప్పవు. ప్రకటనను వెక్కిరించిన చెయ్యే ప్రకటన అయిపోయిందనడానికి అవి సాక్ష్యం. ఈ విమర్శకు అతని అభిమానులు ఇచ్చే జవాబులేవీ నాకు ఇంతవరకు సరిపోలేదు.

తిరుపతి ఎండలో దీన్ని కాపాడుకోవడం గురించి. మెత్తటి వినైల్‌కు వేడి పడదు. మే నెలలో పడమటి కిటికీ పక్కన వారం రోజులు ఉంచేసరికి బొమ్మ ఒక కాలి మీదికి కొద్దిగా ఒరిగింది. గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు ముంచి, నిటారుగా నిలిపి చల్లార్చితే సర్దుకుంది. ఎండ తగిలితే లేత రంగులు పసుపు పచ్చబడతాయి. గాలి ఆడని గాజు పెట్టెలో బిగించి ఉంచితే మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం పైకి ఊరి ఒళ్లు జిగటగా అవుతుంది, దానికి దుమ్ము పడుతుంది. పల్చటి సబ్బు నీళ్లతో మెత్తటి గుడ్డ ముంచి తుడవడమే మందు. స్పిరిట్ పెడితే రంగు లేస్తుంది. ఎర్రచందనం బొమ్మకు ఏడాదికోసారి చెయ్యి తుడిచిన కొబ్బరినూనె చాలు.

మార్కులు వేయమంటే పోత పనికి, రంగు పనికి అయిదుకు నాలుగున్నర వేస్తాను, ధరకు రెండు, దొరికే తీరుకు, నకిలీల బెడదకు ఒకటి వేయడమే ఎక్కువ. కళాకారుడికి మార్కులు వేసే అర్హత నాకు లేదు కానీ, ఆ బస్టాపు పోస్టరు ఒకటీ ఈ బొమ్మా పక్కపక్కన పెట్టి ఎంచుకోమంటే, ఇంట్లో పెట్టుకోలేనని తెలిసి కూడా పోస్టరునే ఎంచుకుంటాను.

మొన్న దసరాకు మా ఇంట్లో ఎప్పటిలాగే బొమ్మల కొలువు పెట్టారు. తొమ్మిది మెట్లు. పై మెట్ల మీద దేవుళ్లు, కింది మెట్టు మీద సరుకుల తట్టలు ముందు పెట్టుకున్న చెట్టియారు, ఆయన భార్య, వాళ్ల పక్కన పెళ్లి ఊరేగింపు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అవ్వ ఈ బొమ్మను అలమరలోంచి తీసి, ఒలిచిన సగం గోడ వైపుకు తిప్పి, చెట్టియారు పక్కన నిలబెట్టింది. “పాపం, కడుపు చూడలేక అట్ల తిప్పినా. బేరానికి వచ్చినోడు అనుకుంటారులే” అంది. ఆ తొమ్మిది రోజులూ పేరంటానికి వచ్చినవాళ్లలో ఇద్దరు తప్ప ఎవరూ అదేమిటని అడగలేదు. పదో రోజు కొలువు ఎత్తేటప్పుడు చూశాను: అన్ని బొమ్మలకూ పెట్టినట్టే దీని నుదుటా, రెండు ఇంటూ గుర్తుల మధ్య, అవ్వ కుంకుమ బొట్టు పెట్టింది. వినైల్ రంగును పీల్చుకుంటుంది. సబ్బు నీళ్లతో మూడు సార్లు తుడిచినా బూడిదరంగు మీద లేత గులాబీ మచ్చ ఒకటి అలాగే ఉండిపోయింది. పెట్టె మాత్రం బీరువా మీద చెక్కుచెదరకుండా ఉంది.